దొంగిలించిన కారులో రేడియో

కాలేజీలో ఇంగ్లీషు నవల పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. జాయిస్‌నీ, బర్జెస్‌నీ, కోర్తసార్‌నీ పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు. రిటైరయ్యాక ఇంజనీరింగ్ చదువుతున్న మనవడి పక్కన కూర్చుని ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ అనే వీడియో గేమ్ ఆడడం మొదలుపెట్టాను. ఇప్పుడు వాడు హాస్టల్లో ఉన్నా నేను ఆడుతూనే ఉన్నాను. క్లాసులో నోరు నొప్పిపుట్టేలా వివరించిన సంగతుల్ని ఈ ఆటలాడే పిల్లలు వేళ్లతో రోజూ చేస్తున్నారు. కథను వరస తప్పించి నడుపుతున్నారు, రచయిత చూపిన దారి వదిలి పక్కదారి పడుతున్నారు, మంచివాడు కాని మనిషి కళ్లలోంచి లోకాన్ని చూస్తున్నారు. అయితే ప్రయోగాత్మక సాహిత్యం చదివేవాళ్లు ఈ ఆటల పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. ఆడేవాళ్లకేమో ఆ పుస్తకాలు ఉన్నాయనే తెలియదు. రెండిళ్లలోనూ మసలినదాన్ని కనుక తెలుసుకున్నదేదో రాసి పెడుతున్నాను.

ఈ ఆటల్లో హింస విపరీతంగా ఉంది. దాన్ని దాటవేసి రూపం గురించీ శిల్పం గురించీ మాట్లాడితే నిజాయితీ ఉండదు. ఎంత నెత్తురు చూపించారన్నదానికన్నా, చూపించిన నెత్తుటిని ఆ రచన ఎంతసేపు గుర్తుపెట్టుకుంటుందన్నది నాకు పెద్ద ప్రశ్న. నవలకైనా ఆటకైనా ఇదే అడుగుతాను.

1. కథకంటే ముందు ఊరిని చదవండి

1921 చివర్లో ‘యులిసిస్’ ముగించే పనిలో పారిస్‌లో ఉన్న జేమ్స్ జాయిస్, డబ్లిన్‌లోని తన మేనమామ భార్య జోసెఫీన్‌కు ఉత్తరం రాశాడు. ఎకల్స్ వీధి ఏడో నంబరు ఇంటిముందున్న ఇనుప కటకటాలు ఎక్కి, అవతలివైపు వేలాడి కిందికి దూకితే మామూలు మనిషికి దెబ్బ తగలకుండా ఉంటుందా అని అడిగాడు. నవలలో కథానాయకుడు బ్లూమ్ తాళంచెవి మరిచిపోయి అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు, అలా దూకే లోపలికి పోవాలి. ఊహించి రాసేసినా అడిగేవాళ్లు లేరు. అయినా జాయిస్‌కి ఆ కటకటాల సంగతి ఖాయంగా తెలియాలి.

గేమ్ తయారుచేసేవాళ్లు పొద్దున లేస్తే వేసుకునే ప్రశ్న ఇదే. ఈ గోడ ఎక్కగలడా, ఈ మిద్దె మీంచి దూకితే ప్రాణం ఎంత తగ్గాలి, ఈ సందులో లారీ పడుతుందా? 1997లో స్కాట్లండ్‌లోని డండీ పట్టణంలో డీఎంఏ డిజైన్ అనే సంస్థ మొదటి గ్రాండ్ థెఫ్ట్ ఆటో చేసినప్పుడు ఊరు పైనుంచి మాత్రమే కనిపించేది. 2001లో వచ్చిన మూడో ఆట మనల్ని వీధిలోకి దించింది. లిబర్టీ సిటీ అనే ఆ ఊళ్లో మనం ఊరికే నిలబడ్డా ట్రాఫిక్ సాగిపోతుంది, వాన పడుతుంది, జనం తమలో తాము గొణుక్కుంటూ పోతుంటారు.

“మిషన్ వదిలేసి సిగ్నల్ దగ్గర నిలబడిపోయావేంటి అమ్మమ్మా?” అని మనవడు అడిగేవాడు. రేడియో వింటున్నానురా అనేదాన్ని. ఆ ఆటల్లో ఏ కారు దొంగిలించినా అందులో రేడియో మోగుతుంటుంది. పాటలే కాదు, లేని కంపెనీల ప్రకటనలు, ఫోన్ చేసి పిచ్చి వాదనలు చేసే శ్రోతలు, ఊళ్లో జరిగినవాటి వార్తలు అన్నీ వస్తాయి. మనం చేసిన ఘోరం కూడా కాసేపటికి వార్తగా మన చెవినే పడుతుంది.

అది వింటుంటే 1929లో వచ్చిన జర్మన్ నవల ‘బెర్లిన్ అలెగ్జాండర్‌ప్లాట్స్’ నా మనసులో మెదిలేది. రాసిన ఆల్ఫ్రెడ్ డోబ్లిన్ డాక్టరు, తూర్పు బెర్లిన్ పేటల్లో కార్మికులకు వైద్యం చేసినవాడు. కథానాయకుడు ఫ్రాంజ్ బిబర్‌కాఫ్ తన ప్రియురాలిని చంపి టేగెల్ జైల్లో నాలుగేళ్లు ఉండి బయటికొస్తాడు. ఇకనుంచి మర్యాదగా బతుకుతానని ఒట్టు పెట్టుకుంటాడు. ఊరు బతకనివ్వదు. ఒక దొంగల ముఠాతో తిరిగి, దొంగతనం చేసి పారిపోతున్న కారులోంచి సొంత మనిషే బయటికి తోసేస్తే కుడిచెయ్యి పోగొట్టుకుంటాడు. ఈ కథ మధ్యలోకి ట్రామ్ స్టాపుల పేర్లు, వాతావరణ సమాచారం, దుకాణాల ప్రకటనలు, కబేళాలో ఏ రోజు ఎన్ని పశువులు తెగాయన్న లెక్కలు, బైబిల్ కథలు తోసుకొస్తుంటాయి. ఎవరు మాట్లాడుతున్నారో ఒక్కోసారి తెలియదు, ఊరే మాట్లాడుతోందనిపిస్తుంది. అమెరికాలో జాన్ డాస్ పాసోస్ కూడా 1930ల్లో తన ‘యు.ఎస్.ఎ.’ మూడు నవలల్లో పత్రికల శీర్షికల్నీ పాటల ముక్కల్నీ ఇలాగే గుచ్చాడు.

2008లో వచ్చిన నాలుగో గ్రాండ్ థెఫ్ట్ ఆటోలో నీకో బెల్లిక్ బాల్కన్ యుద్ధంలో పోరాడి, ఆ నెత్తురు మరిచిపోదామని ఓడెక్కి లిబర్టీ సిటీకి వస్తాడు. పెద్ద బంగళా, విలాసాలు అంటూ గొప్పలు చెప్పిన బాబాయి కొడుకు రోమన్ తీరా చూస్తే ఒక చిన్న టాక్సీ డిపో నడుపుతూ అప్పుల్లో మునిగి ఉంటాడు. ఆ అప్పులవాళ్ల దగ్గర మొదలై నీకో మళ్లీ తుపాకీ పడతాడు. బిబర్‌కాఫ్‌కీ ఇతనికీ ఎనభై ఏళ్ల దూరం. ఇద్దరిదీ ఒకే ఒట్టు, ఇద్దరి చేతా ఆ ఒట్టు తప్పించింది ఊరే. ఆట తయారుచేసినవాళ్లు డోబ్లిన్‌ను చదివారని నేను అనడంలేదు. మహానగరాన్నీ నేరాన్నీ కలిపి చెప్పబోయే ఎవరైనా సరే, ఊరి రొదను కథతో సమానంగా నిలబెట్టక తప్పదని మాత్రం నా నమ్మకం.

2. ముఖం చూపించని కథకుడి దగ్గర కాస్త ఆగండి

ఫ్రెంచి రచయిత రోబ్-గ్రియే 1957లో రాసిన ‘లా జలూజీ’లో ఒక అరటితోట యజమాని తన భార్యనీ పక్క తోట ఆసామినీ అనుమానంగా గమనిస్తుంటాడు. నవల మొత్తమ్మీద ‘నేను’ అన్న మాట లేదు. వరండాలో ఇంకో కుర్చీ వేసి ఉందనో, బల్లమీద మూడో కంచం ఉందనో చూసి అతను అక్కడున్నాడని మనం కనిపెట్టాలి. అసూయ అతనిదే అయినా, తొంగిచూసే చూపు మనది అవుతుంది.

గ్రాండ్ థెఫ్ట్ ఆటో మూడో ఆటలో కథానాయకుడు మొదటినుంచి చివరిదాకా ఒక్క మాట మాట్లాడడు. ఎవరేం చెప్పినా విని వెళ్లి చేస్తాడు. ఆ మౌనంలోకి ఎవరు దూరతారు? మనమే. క్లాసులో రోబ్-గ్రియే పాఠానికి మొహాలు తేలేసిన పిల్లలకు ఈ ఆటను చూపించి ఉంటే అరగంటలో తేలిపోయేది.

2013లో వచ్చిన అయిదో ఆట ఇందుకు వ్యతిరేకంగా నడిచింది. మైకేల్, ఫ్రాంక్లిన్, ట్రెవర్ అని ముగ్గురు, ముగ్గురూ గలగలా మాట్లాడతారు. ఒకరినుంచి ఇంకొకరికి మారినప్పుడల్లా ఆ మనిషి అప్పటికే ఏదో పనిలో ఉంటాడు. మనం చూడని గంటలు కూడా అతను బతికాడన్నమాట. ఫాక్నర్ 1930లో ‘యాజ్ ఐ లే డయింగ్’ నవలను పదిహేనుమంది గొంతులతో రాసినప్పుడు పాఠకుడికి కలిగిన తడబాటు ఇలాంటిదే.

3. నియమంలో అర్థం వెతకండి

1960లో రేమాన్ క్వెనో, ఫ్రాన్స్వా ల లియోనే కలిసి పారిస్‌లో ‘ఊలిపో’ అనే బృందం మొదలుపెట్టారు. ముందు ఒక నియమం పెట్టుకుని, ఆ నియమం కట్టేసిన చేతులతో రాయడం వాళ్ల పద్ధతి. క్వెనో 1961లో పది సానెట్లు అచ్చేసి, ఒక్కో పాదాన్ని విడి పట్టీలుగా కత్తిరించి ఇచ్చాడు. ఏ పాదాన్ని దేనితో కలిపినా పద్యం కుదురుతుంది. పద్నాలుగు పాదాలు, ఒక్కోదానికి పది వీలులు, మొత్తం కోటి కోట్ల పద్యాలు. జార్జ్ పెరెక్ 1969లో ఫ్రెంచిలో అతి ఎక్కువగా వాడే ‘ఇ’ అక్షరం ఎక్కడా లేకుండా ఒక నవలే రాశాడు.

మనకు ఇది కొత్తగా ఉండకూడదు. పదహారో శతాబ్దిలో పింగళి సూరన ‘రాఘవపాండవీయము’లో ఒకే పద్యాన్ని ఒకలా విడదీస్తే రామాయణం, ఇంకోలా విడదీస్తే భారతం వచ్చేలా కావ్యమంతా నడిపాడు. అక్కడ కవిత్వం సగం పద్యంలో ఉంటే మిగతా సగం పాఠకుడి విరుపులో ఉంది. సూరనను చదివిన ఇంట్లో పుట్టినవాళ్లకు క్వెనో చుట్టమే.

ఆటకు నియమమే ప్రాణం కనుక, ఈ సంగతి అక్కడ ఇంకా బాగా తెలుస్తుంది. 2008లో క్లింట్ హాకింగ్ నాయకత్వంలో యూబీసాఫ్ట్ మాంట్రియల్ చేసిన ‘ఫార్ క్రై 2’ నాకు చాలా ఇష్టం. కాన్రాడ్ ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ నీడ దాని మీద ఉంది. పేరు చెప్పని ఒక ఆఫ్రికా దేశం, అక్కడ అంతర్యుద్ధం, ఆ యుద్ధానికి రెండువైపులా ఆయుధాలమ్మే వ్యాపారిని చంపడానికి వచ్చిన కిరాయి సైనికుడు మనం. దిగీ దిగగానే మలేరియా పట్టుకుంటుంది. శత్రువు దగ్గర లాక్కున్న తుపాకీ తుప్పుపట్టి సరిగ్గా కాల్పుల మధ్యలో మొరాయిస్తుంది. మ్యాప్ చూడాలంటే చేతిలోకి తీసుకుని చూడాలి, ఆ లోపు కాల్పులు ఆగవు.

జ్వరం మాత్రలు కావాలంటే, పారిపోతున్న సామాన్యులకు ప్రయాణ పత్రాలు చేర్చిపెట్టాలి. ఆ దేశంలో మనం చేసే మంచిపని దాదాపు అదొక్కటే, అదీ మన ఒంటి జ్వరం కోసం. ఈ మాట ఏ పాత్రా పలకదు. మాత్రల నియమం పలుకుతుంది. వలస దోపిడీ గురించి, దయ చూపించామనుకునే బయటివాళ్ల గురించి నేను చదివిన చాలా వ్యాసాలకన్నా ఆ నియమం పదునుగా ఉంది.

4. స్వేచ్ఛ ఇచ్చినవాణ్ని ఎందుకిచ్చావని అడగండి

హూలియో కోర్తసార్ ‘రయూలా’ (1963)లో 155 అధ్యాయాలున్నాయి. మొదటి 56 వరసగా చదివి పుస్తకం మూసేయొచ్చు. లేదా 73వ అధ్యాయంతో మొదలుపెట్టి రచయిత ఇచ్చిన పట్టిక ప్రకారం ముందుకీ వెనక్కీ గెంతొచ్చు. ఆ రెండో దారిలో వెళ్తే 55వ అధ్యాయం అసలు రాదు, చివర్లో రెండు అధ్యాయాలు ఒకదాన్నొకటి చూపించుకుంటూ మనల్ని వదలవు. ఈ గెంతులాట అంతా వరసగా బతకడం చేతకాని ఒలివేరా అనే మనిషి కోసం.

ఇంగ్లండులో బి.ఎస్. జాన్సన్ 1969లో ‘ది అన్‌ఫార్చునేట్స్’ నవలను కుట్టకుండా పెట్టెలో పెట్టి ఇచ్చాడు. 27 విడి భాగాలు. మొదటిదీ చివరిదీ ఏవో చెప్పి, మిగతా 25 మీ ఇష్టం వచ్చిన వరసలో చదువుకోమన్నాడు. ఫుట్‌బాల్ మ్యాచి గురించి రాయడానికి ఒక ఊరికి వెళ్లిన విలేకరికి, కాన్సర్‌తో పోయిన స్నేహితుడు ఆ ఊళ్లో అడుగడుగునా గుర్తొస్తాడు. దుఃఖం వరసలో రాదు కనుక పుస్తకానికీ వరస లేదు. అంత సూటి కారణం ఉంది ఆ పెట్టెకు.

ఎటు కావాలంటే అటు తిరగనిచ్చే ఓపెన్ వరల్డ్ ఆటలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. మ్యాప్ నిండా గుర్తులు పెడతారు, దేన్ని ముందు చేసినా దేన్ని తర్వాత చేసినా మనిషిలో మార్పుండదు, ఊళ్లో మార్పుండదు. అది స్వేచ్ఛ అనిపించుకోదు, పని జాబితా అంతే. నాలుగో గ్రాండ్ థెఫ్ట్ ఆటో చివర మాత్రం నన్ను ఆలోచింపజేసింది. డబ్బుకోసం శత్రువుతో ఒప్పందానికి వెళ్తే రోమన్ తన పెళ్లిరోజున చచ్చిపోతాడు. పగ తీర్చుకుంటే కేట్ అనే అమ్మాయి చచ్చిపోతుంది. ఎటు తిరిగినా పెళ్లిలోకి తుపాకీ వస్తుంది. దారులు రెండు ఇచ్చి, తప్పించుకునే దారి లేదని ఆ రెండింటితోనే చెప్పారు.

5. మానుకోగలిగిన చెడు దగ్గర మిమ్మల్ని మీరు గమనించండి

ఆంథొనీ బర్జెస్ ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ (1962)లో అలెక్స్ అనే కుర్రాడు రాత్రిళ్లు ఊరిమీద పడి కొట్టడం, దోచడం, చెరచడం చేస్తాడు. కథ అతనే చెబుతాడు, రష్యన్ మాటలు కలిపి అల్లిన ఒక దొంగభాషలో. నెత్తురు ముందు ఆ భాష తెరలా అడ్డం పడుతుంది, తెర అలవాటయ్యేసరికి మనం కూడా ఆ ముఠాలో మనుషుల్లా వింటుంటాం. తర్వాత ప్రభుత్వం మందులతో, సినిమాలతో అతని ఒంట్లోంచి హింసను తీసేస్తుంది. చెడ్డపని తలుచుకుంటే వాంతి వచ్చేలా చేస్తుంది. చెడు చేసే వీల్లేనివాడు చేసే మంచి మంచేనా అన్నది నవల ప్రశ్న.

ఈ ఆటల మీద వచ్చే మొదటి ఆరోపణ, దారినపోయేవాళ్లను చంపనిస్తారని. చంపనిస్తారు, నిజమే. చంపమని మాత్రం చాలాచోట్ల ఎవరూ అడగరు. ఎర్రలైటు దగ్గర ఆగొచ్చు, ముసలావిడ రోడ్డు దాటేదాకా చూడొచ్చు. నేను అలాగే నడుపుతాను. అలా నడపడానికి అర్థం వచ్చింది, గుద్దేసి పోయే వీలు చేతిలో ఉండడం వల్లే. బర్జెస్ ప్రశ్నను వేళ్లకు అందించిన యంత్రం ఇది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ నవలలో 21 అధ్యాయాలున్నాయి. చివరిదాంట్లో పద్దెనిమిదేళ్ల అలెక్స్‌కు హింస అంటే విసుగు పుడుతుంది, పెళ్లిచేసుకుని కొడుకును కనాలన్న ఊహ వస్తుంది. అమెరికన్ ప్రచురణకర్త ఆ అధ్యాయం తీసేసి అచ్చువేశాడు, కూబ్రిక్ 1971 సినిమా కూడా అక్కడికే ఆగింది. ఓపెన్ వరల్డ్ ఆటల్లో అత్యధికం ఇరవయ్యో అధ్యాయంలో ఆగినవే. కథ అయిపోయినా ఊరు తెరిచే ఉంటుంది, తుపాకీ నిండే ఉంటుంది. ఆటగాడికి విసుగు పుట్టకూడదన్నదే వ్యాపారం కనుక, కథానాయకుడికీ విసుగు పుట్టనివ్వరు. నాకు ఈ ఆటల మీద ఉన్న అతి పెద్ద ఫిర్యాదు ఇది.

6. బలవంతాన చేయించిన పనిని మరిచిపోకండి

అయిదో గ్రాండ్ థెఫ్ట్ ఆటోలో ట్రెవర్ చేత ఒక మనిషిని చిత్రహింస పెట్టించే ఘట్టం ఉంది. ప్రభుత్వ ఏజెంటు పక్కన నిలబడి చేయమంటాడు. పనిముట్టును మనమే ఎంచుకోవాలి, పన్ను పీకేటప్పుడు కంట్రోలర్ మీటను మనమే తిప్పాలి. వద్దనుకుంటే కథ ముందుకు సాగదు. కట్టేసి ఉన్న ఆ మనిషి మొదటినుంచీ చెబుతాననే అంటుంటాడు. అతను చెప్పిన గడ్డం, సిగరెట్టు, ఎడమచేతివాటం గుర్తుల ఆధారంగా ఇంకోచోట మైకేల్ ఒకణ్ని కాల్చేస్తాడు. ఆ తర్వాత ట్రెవరే బాధితుణ్ని కారులో విమానాశ్రయానికి చేరుస్తూ, చిత్రహింసతో నిజం రాబట్టడమన్నది బూటకమని చెబుతాడు. 2013లో చాలామంది ఆ ఘట్టాన్ని తిట్టారు. నాకూ చేతులు వణికాయి. అయినా అది ఉండాల్సిందేననుకుంటాను. గ్వాంటనామో తర్వాతి అమెరికాలో టీవీ సీరియళ్లు చిత్రహింసను వీరోచితంగా చూపిస్తున్న రోజుల్లో, ఈ ఆట ఆ పనిని మీటలుగా విడగొట్టి మన చేతిలో పెట్టింది.

2018 నాటి ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ ఇంకా లోతుకు వెళ్లింది. 1899లో ఆర్థర్ మోర్గన్ అనే బందిపోటు ఒక వడ్డీ వ్యాపారి తరపున అప్పు వసూలుకు పోయి, జబ్బుతో ఉన్న డౌన్స్ అనే రైతును కొడతాడు. కొట్టేది మనమే, తప్పించుకోలేం. అతను దగ్గితే నెత్తురు ఆర్థర్ ముఖాన పడుతుంది. ఆటలో అంతకంటే ఘోరమైన కాల్పులు ఎన్నో ఉన్నాయి కనుక ఈ చిన్న దెబ్బలాటను మరిచిపోతాం. ఎన్నో గంటల తర్వాత ఆర్థర్‌కి క్షయ అని డాక్టరు చెబుతాడు. అది అంటించింది ఆ దగ్గే. ఆ రైతు భార్యా కొడుకూ తర్వాత ఎలా చితికిపోయారో కూడా దారిలో ఎదురవుతుంది. వందలమంది చావు లెక్కలోకి రాని ఆటలో ఒక పేదవాణ్ని కొట్టిన దెబ్బ కథానాయకుడి ఊపిరితిత్తుల్లో కూర్చుంది. అంతటి నిర్మాణం చేసిన నవలలు నేను చదివినవాటిలో కొద్దే.

7. శవాలు ఎప్పుడు మాయమవుతాయో చూడండి

ఈ ఆటల్లో పడిపోయిన మనిషి ఎక్కువసేపు పడి ఉండడు. ఆ వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వస్తే శవం ఉండదు, నెత్తుటి మరక ఉండదు. యంత్రం జ్ఞాపకశక్తి తక్కువ కనుక తుడిచేయక తప్పదని మనవడు వివరించాడు. పోలీసులు మన వెంటపడుతున్నారని చూపే నక్షత్రాలు కూడా కాసేపు దాక్కుంటే ఆరిపోతాయి. మనమే చచ్చిపోతే ఆసుపత్రి గుమ్మంలో లేస్తాం, కొంత డబ్బు పోతుంది. సాంకేతిక కారణం సరే, దానివల్ల పుట్టే అర్థం మాత్రం అలాగే ఉంటుంది. ఊరు దేన్నీ గుర్తుపెట్టుకోదు.

రొబేర్తో బోలాన్యో 2003లో చనిపోయాక, 2004లో అచ్చయిన ‘2666’ నవల నాలుగో భాగాన్ని దీని పక్కన పెట్టి చదవండి. మెక్సికో సరిహద్దులోని సాంతా తెరెసా అనే కల్పిత పట్టణం, దానికి మూలం స్త్రీల వరస హత్యలకు గురైన హ్వారెజ్ నగరం. 1993 నుంచి 1997 దాకా దొరికిన ఆడవాళ్ల శవాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఎక్కడ దొరికింది, ఏం తొడుక్కుంది, దేనివల్ల చనిపోయింది, కేసు ఎప్పుడు మూసేశారు. పోలీసు నివేదికలా పొడి భాష, ఏడుపు లేదు, వర్ణన లేదు. యాభై పేజీలయ్యాక మనసు మొద్దుబారుతుంది. ఇంకా చదివితే, మొద్దుబారినందుకు సిగ్గేస్తుంది. ఆ పట్టణం మరిచిపోతున్న ప్రతి మనిషినీ పుస్తకం మరిచిపోనంటుంది.

అదే పొడి భాషను బ్రెట్ ఈస్టన్ ఎల్లిస్ ‘అమెరికన్ సైకో’ (1991)లో ఇంకోలా వాడాడు. కథకుడు బేట్‌మన్ సూట్ల బ్రాండ్లనూ, హోటల్ తిండినీ, హత్యల్నీ ఒకే స్వరంలో చెబుతాడు. బట్టల దుకాణం, క్షౌరశాల, తుపాకుల దుకాణం పక్కపక్కనే ఉన్న, అయిదో ఆటలోని లాస్ శాంటోస్ వీధుల్లో తిరుగుతుంటే నాకు ఆ స్వరం వినిపిస్తుంది. అన్నీ కొనే వస్తువులే.

ఆటలు ఎల్లిస్ దాకా వచ్చాయి. బోలాన్యో దాకా ఇంకా రాలేదు.

8. సంచలనం ఆరిపోయాక మిగిలిందేమిటో వెతకండి

మొదటి గ్రాండ్ థెఫ్ట్ ఆటో విడుదలప్పుడు బ్రిటన్‌లో మాక్స్ క్లిఫర్డ్ అనే పేరుమోసిన ప్రచారకర్తను పెట్టుకుని మరీ వివాదం రేపించారు. సాహిత్యంలో కూడా ఇది ఉన్నదే. మన దిగంబర కవులు 1965లో మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు, 1968లో వచ్చిన మూడో సంపుటితో ఆ వరస ముగిసింది. వాళ్లది వ్యాపారం కాదు, సమాజం మీద నిజమైన కోపం. అయినా అదిరిపాటుకు ఆయుష్షు తక్కువన్నది రెండుచోట్లా నిజమే. ఆ తర్వాత కూడా చదివించే పంక్తి, ఆడించే ఊరు ఉన్నాయా అన్నదే లెక్క.

కోర్టుల దారి కూడా ఒకటే. ‘యులిసిస్’కు 1933లో, బరోస్ ‘నేకెడ్ లంచ్’కు 1966లో అమెరికా కోర్టుల్లో అశ్లీలత ఆరోపణల నుంచి విముక్తి దొరికింది. 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7–2 తేడాతో, హింసాత్మక ఆటలను పిల్లలకు అమ్మకూడదన్న కాలిఫోర్నియా చట్టాన్ని కొట్టేస్తూ, పుస్తకాలకున్న రక్షణే ఆటలకూ ఉందని చెప్పింది. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా, పాఠకుడే దారి ఎంచుకునే పిల్లల కథల పుస్తకాలు 1969 నుంచీ ఉన్నాయని గుర్తుచేశాడు. న్యాయమూర్తికి తోచిన పోలిక విమర్శకులకు ఆలస్యంగా తోచింది.

చట్టం సంగతి అది. ఇంట్లో పెద్దగా నా మాట వేరు. అట్టమీద పద్దెనిమిది అని రాసి ఉన్న ఆటను పదేళ్లవాడి చేతికి ఇవ్వకండి. బోలాన్యోను వాడికి ఇవ్వం కదా.

9. ఆడాల్సినట్టు ఆడనివాళ్లను వెతికి పట్టుకోండి

కరోనా లాక్‌డౌన్‌లో నాటకశాలలు మూతపడితే శామ్ క్రేన్, మార్క్ ఊస్టర్‌వీన్ అనే ఇద్దరు బ్రిటిష్ నటులు గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్ లోపల ‘హామ్లెట్’ నాటకం వేయాలని పూనుకున్నారు. క్రేన్, పినీ గ్రిల్స్ కలిసి తీసిన డాక్యుమెంటరీ ‘గ్రాండ్ థెఫ్ట్ హామ్లెట్’ 2024లో వచ్చింది. స్వగతం చెబుతుంటే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి కాల్చేస్తారు, నటుడు లేచి మళ్లీ మొదలుపెడతాడు. అందరూ చచ్చే నాటకానికి అందరూ చంపే ఊరు రంగస్థలం కావడం నాకు ఎంతో సబబుగా అనిపించింది. బ్రెంట్ వతనాబే అనే కళాకారుడు 2016లో అయిదో ఆట ప్రోగ్రామును మార్చి, ఒక జింకను ఆ ఊళ్లోకి వదిలి, అది ఎటు పోతే అటు ప్రసారం చేశాడు. ఆటగాడి పెత్తనం లేని ఊరు ఎలా ఉంటుందో ఆ జింక వెంట చూడొచ్చు. బరోస్ రాసిన కాగితాల్ని కత్తిరించి, అతికించి రచన చేశాడు, వీళ్లు కోడును కత్తిరిస్తున్నారు.

వీళ్లందరిలోకీ నేను మళ్లీ మళ్లీ తలుచుకునే మనిషి జోసెఫ్ డెలాప్. అమెరికా సైన్యం కుర్రాళ్లను చేర్చుకోవడానికి ‘అమెరికాస్ ఆర్మీ’ అనే ఆట తయారుచేసుకుంది. 2006 నుంచి డెలాప్ అందులోకి వెళ్లి, తుపాకీ కింద పడేసి, ఇరాక్‌లో చనిపోయిన అమెరికన్ సైనికుల పేర్లు ఒక్కొక్కటే టైపు చేస్తూ నిలబడేవాడు. తోటి ఆటగాళ్లు తిట్టేవాళ్లు, కాల్చేవాళ్లు, బయటికి గెంటేసేవాళ్లు. తర్వాత ఆయన అధ్యాపకుడిగా వెళ్లింది గ్రాండ్ థెఫ్ట్ ఆటో పుట్టిన డండీకే. అక్కడుండగా 2018 జులై 4న ‘ఎలిజీ’ మొదలుపెట్టాడు. అయిదో ఆటను తనంతట తానే నడిచేలా మార్చాడు. కెమెరా నెమ్మదిగా వెనక్కి జరుగుతుంటుంది. ఆ ఏడాది జనవరి 1 నుంచి అమెరికాలో తుపాకీ హత్యలకు బలైనవాళ్లు ఎంతమందో అంతమంది ఒకరి తర్వాత ఒకరు కాల్పుల్లో కూలిపోతారు. వెనక ‘గాడ్ బ్లెస్ అమెరికా’ పాత రికార్డు మోగుతుంటుంది. మర్నాటికి సంఖ్య పెరుగుతుంది. మరిచిపోవడానికే కట్టిన యంత్రం చేత ఆయన లెక్క చెప్పించాడు.

మనవడు సెలవులకు వచ్చినప్పుడు ఆ వీడియో పెట్టాను. “నొక్కడానికి బటనే లేదు. ఇది గేమ్ ఎలా అవుతుంది అమ్మమ్మా?” అన్నాడు. జాన్సన్ పెట్టె తెరిచినవాళ్లు కూడా కుట్టే లేదు, ఇది పుస్తకం ఎలా అవుతుందనే అన్నారురా అన్నాను. వాడు ఒప్పుకోలేదు. ఆటగాడి చేతిలో ఏదో ఒకటి ఉండాలంటాడు, ఏమీ లేకుండా తీసేయడమే అక్కడ చెప్పదలచిన మాట అంటాను నేను. ఆ వాదన ఇంకా ఫోన్లో నడుస్తోంది.

ఈమధ్య ‘2666’ తెప్పించుకున్నాడు. అంత లావు పుస్తకం చూసి, నాలుగో భాగం ముందు చదివేయొచ్చా అని అడిగాడు. ఆ అయిదు భాగాల్నీ అయిదు విడి పుస్తకాలుగా అచ్చువేయించాలన్నది బోలాన్యో కోరికే, తర్వాత వారసులు ఒకటిగా వేశారని చెప్పి, అక్కడే మొదలుపెట్టమన్నాను.